నాయన పద్యం

పక్షవాతం వచ్చాక నాయనకు మాట పోయింది, పద్యం పోలేదు. ఒక్క "నీళ్ళు" అనడానికి నోరు తిరగక అవస్థపడే మనిషి, నాటకాల్లో రాజు వేషం కట్టిన రోజుల పద్యాన్ని మాత్రం అక్షరం తప్పకుండా అందుకునేవాడు. "సరస్వతి యాడికీ పోలేదు పాపా, మీ నాయన నాలిక మీదే ఉండాది" అని ఎదురింటి పెద్దమ్మ దండం పెట్టేది.

అనంతపురం డాక్టరు మెదడు స్కానింగు చూపించి, మాట ఎడమ పక్క, పాట ఎక్కువగా కుడి పక్క, దెబ్బ తగిలింది ఎడమ పక్క అన్నాడు. హైస్కూల్లో సైన్సు చెప్పేదాన్ని కదా, నాకు ఆశ పుట్టింది. నాయన పద్యం రాగంలోనే "నీళ్ళు", "ఆకలి", "నొప్పి" కట్టి, బడి నుంచి రాగానే తొడ మీద తాళం వేస్తూ నేర్పేదాన్ని. నాకు కావలసింది "నొప్పి" ఒక్కటే. ఎక్కడ బాధో చెప్పలేని మనిషిని ఇంట్లో పెట్టుకుంటే ప్రతిరోజూ భయమే. ఆయనకేమో "నీళ్ళు" పట్టుబడింది. ఆకలేసినా, దోమ కుట్టినా అదే పాడేవాడు. నాకు నవ్వొచ్చేది, వెంటనే ఏడుపొచ్చేది. "నొప్పి" దగ్గరికి వచ్చేసరికి గొంతు పద్యంలోకి జారిపోయేది.

ఎండాకాలంలో ఒక ఆదివారం, ఆయనతో వేషాలు కట్టిన ముసలాళ్ళు గుత్తి నుంచి చూడటానికి వచ్చారు. వానల్లేక ఊళ్ళు నాటకాలు ఆడించడం మానేశాయి, పద్యానికి మొహం వాచి ఉన్నారు. నేను లోపల టీ పెడుతుంటే నాయన పద్యం ఎత్తుకున్నాడు. అంత పైస్థాయిలో ఆయన పాడగా నేనెప్పుడూ వినలేదు. వాళ్ళు చప్పట్లు కొట్టి, మా వైపు నాటకాల్లో జనం అరిచినట్టే "వన్స్ మోర్!" అని అరిచారు. ఆయన మళ్ళీ మొదటి నుంచి అందుకున్నాడు. నేను గ్లాసులతో వచ్చి చూస్తే, ఆయన మంచి చెయ్యి పొట్టను పిసుకుతోంది. చొక్కా చెమటకు తడిసిపోయింది. కళ్ళు నా మీదే ఉన్నాయి.

"ఆపండప్పా! ఆయనకు కడుపు నొస్తాంది!" అని అరిచాను.

"ఉండు పాపా, రాగం పూర్తి కానీ" అన్నాడు వాళ్ళలో హార్మోనియం వాయించే ఆయన.

ఆటోలో కూడా పాడుతూనే ఉన్నాడు. లోపల పేగు పగిలిందని ఆస్పత్రిలో తేల్చేసరికి ఆలస్యమైపోయింది. సాయంత్రానికి పోయాడు.

శవం దగ్గర ఆ ముసలాళ్ళు "పొయ్యే రోజు గూడా శృతి తప్పలేదప్పా" అని కళ్ళు తుడుచుకున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. పాట ఏ పక్క ఉంటుందో చెప్పి ఊరుకున్న సైన్సు మీద కూడా మండింది. ఆ పద్యం నాకు నోటికి వచ్చు. అందులో ఏ పాదం దగ్గర "పాపా, ఓర్చుకోలేకపోతాండాను" అన్నాడో ఇప్పటికీ పట్టుకోలేకపోతున్నాను.