ఒక్కడి రంపం

మా అన్న సాంబన్న, అతని జోడీ రాయమల్లు పెళ్లిళ్లు కాకముందు నుంచీ ఒకే రంపానికి చెరో కొన పట్టి టేకు మాన్లు కోశారు. ఒకడు గుంజితే ఒకడు వదలాలి. నోరు విప్పకుండానే నాలుగు చేతులూ ఒకటిగా ఆడేవి. ఎనభై ఆరులో సిరొంచ గుత్తేదారు పెట్రోలుతో నడిచే మిషన్ రంపం తెచ్చాడు. దానికి ఒక్క మనిషి చాలు.

"ఎవడు స్టార్ట్ చేస్తే వాడే కోస్తడు. ఇంకోడు దుంగలు మోస్తడు," అన్నాడు.

అది మొండి మిషన్. చల్లగా ఉన్నప్పుడు చోకు గుండీ బయటికి లాగి తాడు గుంజాలి. వేడెక్కి ఆగితే మాత్రం గుండీ లోపలే ఉండాలి. లాగితే పెట్రోలు ఎక్కువై ప్లగ్గు తడిసిపోతుంది, ఇక ఎంత గుంజినా అందుకోదు. అన్న తిప్పలుపడి ఇది కనిపెట్టాడు. ఎవరికీ చెప్పలేదు. మిషన్ ఆగినప్పుడల్లా రాయమల్లును నీళ్లకు పంపి, అతను తిరిగొచ్చేసరికి మోగిస్తూ ఉండేవాడు.

"ఎట్ల చేస్తవో జర చూపియ్యే," అని రాయమల్లు ఓసారి బతిమాలాడు.

"గుండీ బయటికి గుంజి తాడు లాగు. అంతే," అన్నాడు అన్న, కాలిపోతున్న మిషన్ చేతికిచ్చి.

రాయమల్లు అరచేతులు పొక్కేదాకా లాగాడు. కూలీలు నవ్వారు. "బాయిల బొక్కెన తోడుతున్నవా ఏందిరా?" అని అన్న అందరికన్నా గట్టిగా నవ్వాడు. ఇంటికొచ్చి అభినయించి చూపిస్తే అన్నం పెడుతున్న ఎల్లక్క వదిన కూడా నవ్వింది.

ఆ ఎండాకాలమే ఏటపల్లి తోవలో, చెట్లు కొట్టే అడవి కూపులో ఒక మాను మెలి తిరిగి అన్న తొడ మీద పడింది. మిషన్ చేతిలోంచి ఎగిరి ఆగిపోయింది. చేతి రంపాలను గుత్తేదారు అప్పటికే వేరే కూపుకు పంపేశాడు. గొడ్డలి వేస్తే దెబ్బదెబ్బకూ మాను అదిరి ఇంకా కిందికి దిగుతోంది. అన్న అరుపులకు కూలీలు గొడ్డళ్లు దించేశారు.

రాయమల్లు మిషన్ అందుకుని, గుండీ బయటికి లాగి తాడు గుంజసాగాడు.

"బయటికి కాదు! లోపటికి నూకు!" అరిచాడు అన్న.

"మొన్న బయటికన్నవ్."

"మొన్న అబద్ధం జెప్పిన."

"ఇయ్యాల నిజమని ఎట్ల నమ్మాలె?"

"సచ్చిపోతున్న రాయమల్లూ. ప్లగ్గు తడిసింది. పానతోటి ఊడదీసి తుడువు. తాడు ఉత్తగ గుంజి, మళ్ల బిగియ్యి."

రాయమల్లు పానా తీసుకున్నాడు. విప్పలేదు. దాన్ని పట్టుకుని అన్న తల పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"గీ పని కోసమేనా నన్ను నీళ్లకు తోలింది? ఇంకేమన్న దాసినవా?"

"లేదురా. ఒట్టు."

"ఎవరి మీద?"

"ఎల్లక్క మీద."

అప్పుడు విప్పాడు. ప్లగ్గును ధోతికి తుడిచి బిగించి, గుండీ లోపలికి నెట్టి గుంజితే మిషన్ అందుకుంది. మాను కోసి అన్నను లాగేసరికి కింద మట్టంతా నెత్తురుతో నానిపోయింది. కర్రలకు దుప్పటి కట్టి మోసుకొస్తుంటే సిరొంచ దవాఖానా చేరకముందే పోయాడు.

ఇదంతా రాయమల్లే మా వాకిట్లో కూర్చుని చెప్పాడు. తను ఆలస్యం చేసిన సంగతీ దాచలేదు.

"ఆఖరికి ఏమన్నడే, రాయమల్లన్నా?" అడిగింది వదిన.

"మిషన్ బంద్ చెయ్యుమన్నడు, చెల్లె. పెట్రోలు దండుగైతదన్నడు."

"ఆ ఒట్టు గాక నా మాట ఇంకేమన్న ఎత్తిండా?"

"లేదు."

అది నిజమో కాదో తేల్చుకోలేక వదిన అతని నోటి వైపే చూస్తూ నిలబడింది. రాయమల్లు తువ్వాల భుజాన వేసుకుని లేచాడు. తెల్లారి కూపులో మిషన్ అతనే పట్టాలి.