ఇస్సాకు ముట్టని ఇంజను

హైదరాబాద్ పాతబస్తీ జహనుమాలో ఉండే ఇస్సాకు బస్సు డిపోలో మెకానిక్. ఆరు రోజులు బస్సుల కింద పడుకునేవాడు. ఆదివారం చర్చి అయ్యాక తెల్లచొక్కా విప్పి, ఖాకీ చొక్కా తొడుక్కుని శాలిబండలో బాలకిషన్ సాబ్ ఇంటికి నడిచి వెళ్లేవాడు. ఆ ఇంటి ముంగిట్లో రేకుల షెడ్డు కింద ఒక ముదురాకుపచ్చ మారిస్ ఎయిట్ కారు ఉండేది. 1938 మోడలు. బాలకిషన్ సాబ్ తండ్రి వకీలు, ఆయన కొన్నది. ఇస్సాకు దాని పని చూడడం మొదలుపెట్టింది 1958లో. పద్దెనిమిదేళ్లపాటు, జ్వరం వచ్చిన వారాలు తప్ప, ఒక్క ఆదివారం కూడా మానలేదు.

అదే ఇంటికి ఛత్రినాక నుంచి సాయిలు పాలు పోసేవాడు. అతనికి ఎనిమిది బర్రెలుండేవి. ఆదివారం మిగతా ఇళ్లన్నీ తిరిగి చివరన ఇక్కడికి వచ్చి, సైకిలు గోడకానించి, షెడ్డు దగ్గర గొంతుకూర్చుని ఇస్సాకు పని చూసేవాడు. పానా అందించమంటే అందించేవాడు. బండి గురించి అతనికి ఏమీ తెలియదు. తెలియదని చెప్పడానికి సిగ్గుపడేవాడు కూడా కాదు. "గిదేంది ఇస్సాకన్నా, గిదెందుకు" అని ఒక్కో నట్టు గురించీ అడిగేవాడు. ఇస్సాకుకు అలా అడిగించుకోవడం బాగుండేది.

1976 ఎండాకాలంలో బాలకిషన్ సాబ్ ఆ పాత ఇల్లు ఖాళీ చేసి బర్కత్‌పురలో కూతురి దగ్గరికి వెళ్లిపోవాలని నిర్ణయించుకున్నాడు. అక్కడ కారు పెట్టే జాగా లేదు. ఆ సంగతి విన్నప్పటి నుంచి ఇస్సాకుకు నిద్ర సరిగా పట్టలేదు. బండి తనకే వస్తుందని ఎవరూ అనలేదు. కానీ ఇంకెవరికి పోతుంది? తన ఇంటి పక్క సందులో షెడ్డుకు సరిపోయే చోటు ఉందా లేదా అని ఒకరోజు అడుగులేసి కొలుచుకున్నాడు కూడా. సాబ్‌ను మాత్రం అడగలేదు. పద్దెనిమిదేళ్లు చేసినవాడు నోరు తెరిచి అడగాలా అనుకున్నాడు.

తర్వాతి ఆదివారం వెళ్లేసరికి మారిస్ బానెట్ మీద పసుపు, కుంకుమ, ఒక బంతిపూల దండ ఉన్నాయి. పక్కన సాయిలు నిలబడి నవ్వుతున్నాడు.

"ఇస్సాకూ, బండి సాయిలుకిచ్చిన" అన్నాడు బాలకిషన్ సాబ్. "బండినేం చేస్తరు సాబ్ అని అడిగిండు. నీకు గావాల్నా అన్న. గావాలె అన్నడు. నీకేంది, దినాం నీ చేతిల బండ్లే గదా."

"మంచిగైంది సాబ్" అన్నాడు ఇస్సాకు.

ఆ రోజు అతను ఖాకీ చొక్కా మీద ఒక్క మరకా పడకుండా ఇంటికి తిరిగి వెళ్లాడు. దారి పొడవునా ఆ పసుపే కళ్ల ముందు మెదిలింది. ఆ రంగు మీద పసుపు మరక పడితే పోదు. ఆ మాత్రం తెలియని మనిషికి బండి దక్కింది.

కారు ఛత్రినాకలో సాయిలు బర్రెల కొట్టానికి చేరింది. సాయిలుకు నడపడం రాదు కాబట్టి మనుషులతో తోయించుకుని తీసుకెళ్లాడు. ఇస్సాకు డిపో నుంచి ఇంటికి వెళ్లే దారి అది కాదు. అయినా రోజూ ఆ సందులో నుంచే వెళ్లేవాడు. బండి మీద గడ్డి మోపులు కప్పే గోనెపట్టా ఉండేది. ఒకరోజు ఒక బర్రె వెనక మడ్‌గార్డుకు ఒళ్లు రుద్దుకుంటుంటే చూసి, అక్కడే నిలబడిపోయాడు. సాయిలు పలకరిస్తే, డ్యూటీకి టైమైందని ముందుకు నడిచాడు. అప్పుడు డ్యూటీ దిగి వస్తున్నాడు.

బండి రోడ్డెక్కాలంటే సాయిలు పేరు మీదికి రిజిస్ట్రేషన్ మారాలి, ఇన్సూరెన్సు కావాలి. ఉన్న ఆర్.సి. బుక్కు హైదరాబాద్ రాష్ట్రం నాటిది, అక్షరాలు ఉర్దూలో, అట్ట ఊడిపోయింది. రవాణా ఆఫీసుకు బండిని చూపించాలి, నడిపి తీసుకురమ్మని సాయిలు అడిగితే ఇస్సాకు డిపోలో సెలవు దొరకదన్నాడు. సాయిలు ఎండుగడ్డి లారీకి మోకు కట్టి బండిని ఈడ్పించుకుని వెళ్లాడు. మారిస్ అలా మోకు వెనక ఊగుతూ వెళ్లిందని ఎవరో చెబితే ఇస్సాకు ఆ పూట అన్నం తినలేదు.

ఆ సాయంత్రమే సాయిలు జహనుమాకు వచ్చాడు. మొహం వాడిపోయి ఉంది.

"ఇస్సాకన్నా, ఇంజను నంబరు కలుస్తలేదంటున్నడు రవాణా ఆఫీసుల బ్రేక్ ఇన్‌స్పెక్టర్. బుక్కుల ఒకటున్నదట, ఇంజను మీద ఇంకోటున్నదట. గిదెట్లయితది?"

"నాకేం తెల్సు సాయిలు. సాబ్‌ను అడుగు."

"అడిగొచ్చిన. ఆయనకు యాదికొస్తలేదు. ఇస్సాకుకే తెల్వాలె అన్నడు."

"నేను చేసింది పైపనే" అన్నాడు ఇస్సాకు. "ఇంజను నేను ముట్టలే."

సాయిలు చాయ్ తాగి వెళ్లిపోయాడు.

నిజం ఏమిటంటే, 1961లో, సాయిలు ఆ ఇంటికి పాలు పోయడం మొదలుపెట్టకముందే, పాత ఇంజను బ్లాకు పగిలిపోయింది. బండి ఇక పనికిరాదని అందరూ అన్నారు. ఇస్సాకు బొల్లారంలో మిలటరీ వేలానికి వెళ్లి, తుప్పుపట్టిన ఇంకో మారిస్ ఇంజను చూసి సాబ్‌తో కొనిపించాడు. పదకొండు ఆదివారాలు కూర్చుని, దాన్ని విప్పి, కడిగి, బిగించి, మళ్లీ ప్రాణం పోశాడు. డిపోలో ముప్పై ఏళ్ల పనిలో కూడా అంత మంచి పని ఇంకోటి చేయలేదని అతనికే తెలుసు. వేలం చీటీ మీద కొత్త ఇంజను నంబరు ఉంది, మిలటరీ ముద్ర ఉంది. నేను పారేసుకుంటాను, నువ్వే దాచిపెట్టు అని సాబ్ ఆ చీటీ ఇస్సాకుకే ఇచ్చాడు. నంబరు మారిందని ఆఫీసులో రాయించడం ఇద్దరూ మరిచిపోయారు.

లోపలి గదిలో నుంచి అతని భార్య లీలమ్మ అంతా విన్నది. బయటికి వచ్చి చాయ్ గ్లాసు తీస్తూ అడిగింది.

"గా కాయితం పెట్టెలనే ఉన్నది గదా."

"ఉండనియ్."

"ఏం పాపం చేసిండు ఆయన నీకు?"

"ఏం చెయ్యలే."

లీలమ్మ గ్లాసు తీసుకుని వెనక్కి తిరిగింది. "గట్లయితే ఇంక దారుణం" అని లోపలికి వెళ్లిపోయింది.

నెల గడిచింది. సాయిలు ఇన్సూరెన్సు కోసం ఇశ్రాయేలు దగ్గరికి వెళ్లాడు. అతను ఇస్సాకు వెళ్లే చర్చికే వస్తాడు, ఇన్సూరెన్సు ఆఫీసులో పని. నంబర్లు కలవకుండా పాలసీ రాయలేనన్నాడు. ఇన్సూరెన్సు లేకుండా రవాణా ఆఫీసులో కాగితం కదలదు. ఇంజను ఎక్కడిదో తేల్చమని ఆఫీసు నుంచి పోలీసు ఠాణాకు చిట్టీ వెళ్లింది. ఒక జవాను వచ్చి సాయిలును రెండుసార్లు ఠాణాకు పిలిపించి కూర్చోబెట్టాడు. దొంగ ఇంజనట అని గల్లీలో మాట పుట్టింది. రెండు ఇళ్లవాళ్లు పాలు మానేశారు.

ఇదంతా ఇశ్రాయేలు చర్చి బయట చెప్పినప్పుడు ఇస్సాకుకు మొదట లోపల చల్లబడినట్టయింది. అడిగి తీసుకున్నాడు కదా, పడనీ అనుకున్నాడు. ఆ చల్లదనం ఇల్లు చేరేదాకా కూడా నిలవలేదు. అయినా పెట్టె తెరవలేదు.

పెట్టె తెరిపించింది జాలి కాదు. పురానాపూల్‌లో నర్సింహ అనే మెకానిక్ ఉండేవాడు. వేగంగా పనిచేస్తాడని పేరు. ఇంజను మీద ఉన్న నంబరును ఆకురాయితో అరగదీసి, బుక్కులో ఉన్న నంబరును అంకెలు అచ్చేసే పంచ్‌లతో కొట్టి ఇస్తానని అతను సాయిలుకు చెప్పాడట. డిపోలో ఎవరో ఈ మాట అంటుంటే ఇస్సాకు చేతిలో పానా ఆగిపోయింది. తను పదకొండు ఆదివారాలు కడిగిన ఇనుము మీద నర్సింహ సుత్తి. అది తట్టుకోలేకపోయాడు. ఆ పని చేస్తే సాయిలు జైలుకు పోతాడన్నది అతనికి రెండో ఆలోచనగా తట్టింది. ఈ సంగతి తర్వాత అతనే లీలమ్మతో ఒప్పుకున్నాడు.

సగం డ్యూటీలో సెలవు అడిగి, ఇంటికి వెళ్లి చీటీ తీసుకుని ఛత్రినాకకు నడిచాడు. కొట్టంలో మారిస్ బానెట్ తెరిచి ఉంది. నర్సింహ ఒక గుడ్డ పరిచి పంచ్‌లు వరుసగా పెట్టుకుంటున్నాడు. ఆకురాయి ఇంకా ఇనుముకు తగలలేదు.

"నర్సింహా, చెయ్యి తియ్" అన్నాడు ఇస్సాకు.

చీటీ సాయిలు చేతికి ఇచ్చాడు. సాయిలుకు చదువు అంతంతమాత్రం. కానీ నంబరు గుర్తుపట్టాడు. నెల రోజులుగా ఆ నంబరే అతని బతుకు.

"గీ కాయితం నీ తాన ఎప్పటిసంది ఉన్నది?"

"పదిహేనేండ్లసంది."

"నేను నీ ఇంటికొచ్చిననాడు గూడ ఉన్నదా?"

"ఉన్నది."

"ఎందుకు చెప్పలే అన్నా?"

ఇస్సాకుకు అబద్ధం దొరకలేదు. "బండి నాకొస్తదనుకున్న. నీకొచ్చింది. ఓర్వలేకపోయిన" అన్నాడు.

నర్సింహ తన పంచ్‌లు గుడ్డలో మూటకట్టుకుని మెల్లగా బయటికి నడిచాడు. సాయిలు చీటీని మడిచి జేబులో పెట్టుకుని, బకెట్ తీసుకుని బర్రెల దగ్గరికి వెళ్లాడు. పాలు పితికే వేళైంది. ఇస్సాకు కాసేపు నిలబడి, ఎవరూ కూర్చోమనకపోతే వెళ్లిపోయాడు.

కానీ పని ఆగలేదు. ఇంజను తనే మార్చానని ఇస్సాకు రాసిచ్చాడు. బండి రోడ్డుకు పనికొస్తుందని మెకానిక్‌గా సంతకం పెట్టాడు. అది చూసి ఇశ్రాయేలు ఎదుటివాళ్లకు దెబ్బ తగిలితే కట్టే ఇన్సూరెన్సు మాత్రం రాశాడు. ఇంత పాత బండికి సొంత నష్టం కింద విలువ కట్టలేమన్నాడు. పాలసీలో యజమాని అన్నచోట సాయిలు పేరు రాస్తుంటే ఇస్సాకు కిటికీలో నుంచి బయటికి చూశాడు.

రెండోసారి తనిఖీకి బండిని ఇస్సాకే నడిపాడు. సాయిలు పక్కన కూర్చున్నాడు. చార్మినార్ దాటి, నయాపూల్ మీదుగా ఖైరతాబాద్ దాకా సాయిలు కాగితాలు ఒళ్లో పట్టుకుని రోడ్డు వైపే చూశాడు. అఫ్జల్‌గంజ్‌లో బండ్లు ఆగినప్పుడు ఒక స్కూటరతను వంగి, "క్యా గాడీ హై భాయ్, ఆప్ కీ హై?" అంటూ బండి మీదేనా అని ఇస్సాకును అడిగాడు.

"ఇన్ కీ హై" అని, ఇతనిది అన్నట్టు ఇస్సాకు సాయిలు వైపు తల ఊపాడు. ఆ మాట చెప్పడం బస్సు గేర్‌బాక్సు ఎత్తడం కంటే కష్టమైంది.

బ్రేక్ ఇన్‌స్పెక్టర్ కాగితాలు చూసి ఇద్దరినీ బాగా తిట్టాడు. పదిహేనేళ్లు చెప్పకుండా ఏం చేశారన్నాడు. తిట్టి, కొత్త బుక్కులో కొత్త ఇంజను నంబరు ఎక్కించాడు. పోలీసు సంగతి కూడా దాంతో ముగిసింది.

తిరిగి వచ్చాక సాయిలు దిగి, తాళంచెవి కోసం చెయ్యి చాపాడు. ఇస్సాకు ఇచ్చాడు. అక్కడితో వాళ్ల మాటలు తెగిపోయాయి. సాయిలు డ్రైవింగ్ నేర్చుకున్నాడు. బండి పనికి నర్సింహ దగ్గరికే పోయేవాడు. బోనాలప్పుడు మారిస్‌కు వేపమండలు కట్టి ఊరేగించాడు. జనంలో నిలబడిన ఇస్సాకుకు ఇంజను మోత వినగానే కార్బురేటర్ తప్పుగా బిగించారని తెలిసింది. వెళ్లి చెప్పే మొహం లేదు.

ఏడాదిన్నర తర్వాత ఒక ఆదివారం సాయిలు వచ్చి గడప బయటే నిలబడ్డాడు.

"బ్రేకు పడ్తలేదు. నర్సింహ తోని అయితలేదు. చూస్తవా?"

ఇస్సాకు చెప్పులేసుకున్నాడు. ఆ రోజు మొదలు మళ్లీ ఆదివారాలు నడిచాయి, ఈసారి బర్రెల కొట్టంలో. కానీ పనిచేసినంత సేపూ సాయిలు పక్కనే నిలబడేవాడు. ఇదివరకటిలా ఇదేంది, అదేంది అని అడగడు. చూస్తుండేవాడు, అంతే. దాహమేస్తే నీళ్లు కూడా అక్కడికే తెప్పించుకునేవాడు. తన మీద కాపలా అని ఇస్సాకుకు తెలుసు. తన పని తాను చేసుకుపోయేవాడు. అలా నాలుగేళ్లు గడిచాయి.

1982లో ఒక ఉదయం ఇస్సాకు బండి కింద నుంచి బయటికి వచ్చి చూస్తే కొట్టంలో ఎవరూ లేరు. సాయిలు ఎప్పుడు వెళ్లాడో తెలియదు. తాళంచెవి సీటు మీద ఉంది. ఇస్సాకు చేతులు తుడుచుకుని, తలుపు తీసి, స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. ఇది నాది కావాల్సింది అన్న మాట ఆ వయసులోనూ లోపల కదిలింది. అది పోలేదు. కాకపోతే ఇప్పుడు దానికి కోరలు లేవు.

పాలక్యాన్లు తెచ్చి దించిన సాయిలు అతన్ని చూసి ఆగాడు.

"అయిపాయెనా పని?"

"ఇంకొంచెం ఉన్నది. ఆయిల్ మార్చాలె."

"కానియ్. అన్నం తిని పోదువు, మా ఇంటామె ఆండాలు వండుతున్నది" అని, క్యాన్లు కడగడానికి సాయిలు లోపలికి వెళ్లాడు. ఇస్సాకు బండి దిగి, డబ్బాలో ఆయిల్ ఎంత ఉందో చూశాడు.