కంచె అవతల జిగుర్డ్స్

జిగుర్డ్స్ మొదటిసారి మా వాకిట్లోకి వచ్చినప్పుడు నేను బంగాళాదుంపల మడిలో కలుపు తీస్తున్నాను. అతని చేతిలో పొడుగాటి కర్ర, దాని చివర ఇనప చుట్ట, మెడలో చెవులకు పెట్టుకునే డిప్పలు, వీపున సంచి. లోహాలు వెతికే మిషను అని చూడగానే తెలిసింది. వెతికేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. మా కుర్జెమె సీమ నేలలో రెండో ప్రపంచ యుద్ధం ఇంకా సగం అలాగే ఉంది. ప్రతి వేసవిలోనూ పట్నం నుంచి ఎవరో ఒకరు దిగుతారు. సైనికుల బకిల్సూ పతకాలూ తవ్వుకుపోయి అమ్ముకుంటారు, ఎముకల్ని గట్టు మీద విసిరేసి పోతారు. ఆ మాటే మొహం మీద అనేశాను.

అతనికి కోపం రాలేదు. ఎడమ చెవి చూపించి, "ఇటువైపు వినబడదమ్మా. కుడివైపుకొచ్చి ఇంకోసారి తిట్టండి, పూర్తిగా వింటాను" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. లోపలికి పిలిచి కాఫీ ఇచ్చాను.

అతను లియెపాయలో ఓడలు బాగుచేసే చోట ముప్పై నాలుగేళ్లు రేకుల మీద సమ్మెట కొట్టిన మనిషి. చెవి అక్కడే పోయింది. భార్య పోయాక ఈ పని పట్టుకున్నాడు. చలికాలమంతా రీగాలో పాత రికార్డుల ఆఫీసులో కూర్చుని చర్చి పుస్తకాలు, సైన్యం దినచర్యలు, విమానం నుంచి తీసిన ఫొటోలు చదివేవాడు. వేసవి వచ్చేసరికి యుద్ధంలో ఏ సైనికుడు ఏ గట్టున పడిపోయాడో కాగితం మీద తేల్చుకుని, అప్పుడు పొలానికి వచ్చేవాడు. అనుమతి పత్రం ప్లాస్టిక్ కవర్లో పెట్టి అడక్కముందే చూపించేవాడు. దొరికిన వస్తువు ఒక్కటీ ఇంటికి తీసుకెళ్లేవాడు కాదు. "నలభై ఒక్కమందిని వాళ్లవాళ్ల దగ్గరికి చేర్చాను" అనేవాడు. పెద్దగా చదువుకోలేదు. చాదస్తం మాత్రం ప్రొఫెసరుకున్నంత ఉండేది.

నలభై రెండోవాడి కోసం వచ్చాడు మా ఇంటికి.

ఆ అబ్బాయి పేరు అన్సిస్. పద్దెనిమిదేళ్లకే జర్మన్లు సైన్యంలోకి లాక్కెళ్లారు. నలభై నాలుగు డిసెంబరులో చనిపోయాడు. అక్క మిల్డకు ఇప్పుడు ఎనభై మూడు. ఇక్కడికి ఇరవై కిలోమీటర్ల అవతల ఉంటుంది. ఏటా ఆగస్టులో శ్మశానం పండుగకు కుటుంబాలన్నీ తమ తమ సమాధుల దగ్గర పూలు పెట్టుకుని కూర్చుంటాయి కదా, మిల్డ తల్లి సమాధి పక్కన అరవై ఏళ్లుగా ఒక చోటు ఖాళీగా ఉంది. వాళ్లమ్మ కొడుకు కోసం ఉంచమంది. మిల్డ ఆ ఖాళీ నేలను దువ్వెనతో దువ్వినంత శుభ్రంగా దంతె పట్టి ఉంచుతుందట. "నేను పోయేలోగా వాణ్ణి అమ్మ పక్కన పడుకోబెట్టు నాయనా. నా కళ్లతో చూడాలి" అని జిగుర్డ్స్ చేతులు పట్టుకుందట.

అన్సిస్‌తో పనిచేసిన ఒక సైనికుడు రాసిన జాబు అతని దగ్గరుంది. స్ట్రాజ్డి ఇంటి వెనక, వాగు గట్టున, బిర్చి చెట్ల కింద పాతిపెట్టాం అని ఉంది అందులో. మా దగ్గర ఇళ్లకు నంబర్లుండవు, పేర్లుంటాయి. స్ట్రాజ్డి అని మా గుమ్మం మీద చెక్కపలకపై చెక్కి ఉంది.

"మీవాళ్లు ఎప్పట్నించీ స్ట్రాజ్డివాళ్లు?" అని అడిగాడు.

"రెండొందల ఏళ్ల నుంచీ" అన్నాను. ఆ మాటలో అబద్ధం లేదు.

అతను పటం విప్పాడు. "మరి ఇందులో స్ట్రాజ్డి వాగుకు అవతల ఉందేమిటి? ఇక్కడ పుర్వీని అని రాశారు."

"ఆ పటం గీసినవాడు ఎక్కడ ఖాళీ దొరికితే అక్కడ పేరు రాసేసుంటాడు, వెధవ. నేనిక్కడ పెరిగినదాన్నయ్యా, నన్నడుగు. పటాన్నడుగుతావేం?" అన్నాను.

అతని పద్ధతే నాకు కలిసొచ్చింది. "నిజమే. పటం గీసినవాడు ఒక పూట చూసి పోతాడు. పుట్టిపెరిగినవాళ్లు రోజూ చూస్తారు. రెండింటికీ తేడా వస్తే నేను మనిషి మాటే నమ్ముతాను" అని, పటం మడిచి, నోటుబుక్కులో నా పేరు, నా మాట రాసుకున్నాడు.

ఇప్పుడు దాచి ఏం లాభం? మా స్ట్రాజ్డి యుద్ధంలో కాలి బూడిదైంది. ఆ పలక ఒక్కటే మిగిలింది. నలభై తొమ్మిది మార్చిలో సోవియట్ సర్కారువాళ్లు వాగుకు ఇవతలి పుర్వీనివాళ్లను పిల్లాపాపలతో సహా రైలెక్కించి సైబీరియాకు పంపేశారు. నెల తిరక్కుండానే వాళ్ల ఇల్లు మా నాన్నకిచ్చారు. వాళ్ల పలక పీకేసి, మా పలక కొట్టాడు నాన్న. నాకు ఆరేళ్లు, మేకులు నేనే అందించాను. తొమ్మిదేళ్ల తర్వాత వాళ్ల పెద్దమ్మాయి తిరిగొచ్చి మా గేటు దగ్గర నిలబడింది. అమ్మ గ్లాసుడు పాలు తెచ్చిచ్చింది. ఆ పిల్ల పాలు తాగలేదు. పలకను చూసి, వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. తర్వాత ఎవరూ రాలేదు. ఎరిగినవాళ్లంతా ఒక్కొక్కరే పోయారు. నేనొక్కదాన్నే మిగిలాను. ఆ మాట బయటికొస్తే ఇల్లు పోతుందన్న భయం ఒకటి, పరువు పోతుందన్న భయం ఇంకోటి.

రెండు రోజుల తర్వాత అతను ఇంకో కాగితం పట్టుకొచ్చాడు. మొహం వెలిగిపోతోంది. నలభై ఆరులో సైన్యం స్ట్రాజ్డి భూమిలో మందుపాతరలన్నీ తీసేసిందని రాసిన కాగితం. "ఇక నిశ్చింతగా మోకాళ్ల మీద కూర్చుని పని చేసుకోవచ్చు ఆల్వీనమ్మా!" అన్నాడు.

ఆ కాగితం వాగుకు అవతలి మా పాత నేల గురించి. ఇంటి వెనక వాగు వైపు చెట్ల గుబురు చుట్టూ నాన్న కట్టిన ముళ్లకంచె ఉంది. యాభై ఒకటిలో మా గోధుమరంగు ఆవు ఆ గుబుర్లోకి వెళ్లి ముక్కలైంది. ఆ మర్నాడే నాన్న కంచె వేశాడు. అప్పట్నించీ అందులో కాలు పెట్టినవాళ్లు లేరు.

"ఆ కంచె ఎందుకు?" అని అడగనే అడిగాడు.

"ఆవులు వాగులో పడకుండా" అన్నాను.

మొదటి వేసవంతా కంచె ఇవతలి బీట్లో వెతికాడు. అక్కడ ఆవులు అరవై ఏళ్లు మేశాయి, ఏ ప్రమాదమూ లేదని నాకు నేను చెప్పుకున్నాను. తూటాలు, గుర్రపు నాడాలు, ఒక చెంచా దొరికాయి. తీసిన ప్రతి గుంటా పూడ్చి, గడ్డి మళ్లీ పరిచేవాడు. మధ్యాహ్నం నా వంటింట్లో బఠాణీలూ పందికొవ్వూ తిని, "ఇంత ఉప్పేశావేంటమ్మా, చెవి పోయింది గానీ నాలుక ఉంది నాకు" అనేవాడు. "తింటే తిను, లేకపోతే లియెపాయ దాకా నడిచిపోయి తిను" అనేదాన్ని. ఆ మనిషంటే నాకు అభిమానం పుట్టింది. అది చెప్పడానికి సిగ్గుపడను. అభిమానం పుట్టాక కూడా నోరు విప్పలేదు చూడండి, దానికి సిగ్గుపడాలి.

రెండో వేసవి జూన్‌లో మిల్డ ఆసుపత్రిలో పడింది. ఎక్కువ రోజులు లేవని డాక్టరు చెప్పాడు. జిగుర్డ్స్ ఆ పొద్దున్నే వచ్చాడు, గడ్డం కూడా గీసుకోలేదు.

"ఇవాళ కంచె దాటుతాను. మిగిలింది ఆ గుబురొక్కటే. బిర్చి చెట్లూ అందులోనే ఉన్నాయి."

"ఆ కంపలో ఏముంటుంది? బట్టలు చిరగడం తప్ప" అన్నాను.

"బిళ్ల ఉంటుంది. సైనికుడి మెడలో బిళ్ల. అది సగానికి విరిగి ఉంటే ఎవరో చూసి పేరు రాసుకున్నట్టు. పూర్తిగా ఉంటే ఎవరూ రాసుకోనట్టు. దాని కూత చాలా సన్నంగా ఉంటుంది. గమ్మత్తేంటో తెలుసా? చెక్కపెట్టె మందుపాతర ఉంటుంది చూడు, దానిలో ఇనుము వేలెడంతే. దాని కూతా సరిగ్గా అంతే. శుభ్రం చేయని నేలైతే ఆ కూత వినగానే లేచి వెనక్కి వచ్చేస్తాను. ఇక్కడ కాగితం ఉంది కాబట్టి సరిపోయింది."

అప్పుడు చెప్పాల్సింది. నోటిదాకా వచ్చింది కూడా. "ఇంకొంచెం కాఫీ పోయనా?" అన్నాను.

కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. కంచె తీగ ఎత్తి లోపలికి దూరాడు. చుట్టను ఇటూ అటూ ఊపుకుంటూ అడుగులో అడుగేసుకుంటూ పోతున్నాడు. పిట్ట కూడా కూయడం లేదు ఆ గుబుర్లో. ఒకచోట ఆగాడు. చుట్టను అక్కడే తిప్పాడు, మళ్లీ తిప్పాడు. కర్ర పక్కన పెట్టి మోకాళ్ల మీద కూర్చున్నాడు. నడుముకున్న కత్తి తీశాడు.

చేతిలో గిన్నె ఎక్కడ పడేశానో తెలీదు. "జిగుర్డ్స్! ఒరేయ్ జిగుర్డ్స్!" అని గొంతు చించుకుంటూ పరిగెత్తాను. చెవులకు డిప్పలు, పైగా చెవిటి చెవి నా వైపు. కంచె దగ్గర ఆగిపోయాను. తడి గడ్డి మీద అతను నడిచిన గుర్తులు కనిపించాయి. తీగ కింద నుంచి దూరి, అతను పెట్టిన అడుగులోనే నా అడుగు పెట్టుకుంటూ వెళ్లాను. ఆవు గుర్తొచ్చింది. చూరు మీద దాని తోలు ముక్క అంటుకుని ఉండేది, నాన్న నిచ్చెన వేసి తీశాడు. మూడు బారల దూరం నుంచి మట్టిగడ్డ తీసి అతని వీపుకు విసిరాను.

ఉలిక్కిపడి తిరిగాడు. డిప్పలు తీశాడు. "పిచ్చెక్కిందా నీకు?"

"చెయ్యి తియ్యి. చెయ్యి తియ్యి ముందు! ఇది స్ట్రాజ్డి కాదు."

"ఏంటీ?"

"ఇది పుర్వీని. నీ పటం రైటే. ఈ నేల ఎవరూ శుభ్రం చెయ్యలేదు. మా ఆవు ఇక్కడే చచ్చింది. నాకు మొదట్నించీ తెలుసు."

అతను కత్తిని నేల మీద పెట్టలేదు, గాల్లోనే పట్టుకుని ఉండిపోయాడు. మట్టి అప్పటికే జానెడు తీసి ఉంది. అందులోంచి కుళ్లిన చెక్క మూల ఒకటి కనిపిస్తోంది. దాన్ని చూశాడు, నన్ను చూశాడు. "నీ అడుగుల్లోనే వెనక్కి నడువు. తిరక్కు" అన్నాడంతే.

సాయంత్రానికి సైన్యంవాళ్లు వచ్చారు. ఆ గుబుర్లోంచి ఏడు తీశారు. ఏడూ పేల్చేటప్పుడు మా కిటికీ అద్దాలు ఊగాయి. జిగుర్డ్స్ మా అరుగు మీద కూర్చుని సిగరెట్టు వెలిగించడానికి నాలుగు అగ్గిపుల్లలు విరగ్గొట్టాడు. నన్ను తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే బతికిపోయేదాన్ని. "పాత ఇల్లు ఎక్కడుండేదో చూపించు" అన్నాడు.

వాగు దాటించి తీసుకెళ్లాను. గోడలు లేవు, లిలాక్ పొద ఒక్కటి ఉంది. వాకిట్లో అమ్మ నాటింది. దాని వెనక గట్టున బిర్చి మొద్దులున్నాయి. మర్నాడు పొద్దున్న మొదలుపెట్టాడు. రెండో రోజు మధ్యాహ్నం ఆసుపత్రికి ఫోన్ చేసి, అవతలివాళ్ల మాట విని, ఫోన్ జేబులో పెట్టుకుని మళ్లీ వంగాడు. మిల్డ పోయిందని సాయంత్రం దాకా నాకు చెప్పలేదు. మూడో రోజు అన్సిస్ దొరికాడు. మెడ దగ్గర బిళ్ల పూర్తిగా ఉంది.

ఆగస్టులో శ్మశానం పండుగనాడు వాళ్లమ్మకు అటు ఒకరిని, ఇటు ఒకరిని పాతిపెట్టారు. మిల్డ బూడిదను అప్పటిదాకా ఆపి ఉంచారు. నేను వెనక నిలబడదామనుకున్నాను, కానీ మిల్డ మేనకోడలు వెల్గ నన్ను వెతుక్కుంటూ వచ్చింది. రెండు భుజాల మీద చేతులేసి దగ్గరికి తీసుకుంది. ఏడుస్తోంది.

"మీరేనా ఆల్వీన గారు? రెండేళ్లు మీ పొలమంతా తవ్వుకోనిచ్చారట, రోజూ భోజనం కూడా పెట్టారట. అత్త చివరి రోజు దాకా మీ పేరు చెప్పుకుంది. మీ రుణం ఎలా తీర్చుకోవాలో తెలీదు మాకు."

జిగుర్డ్స్ పక్కనే ఉన్నాడు, కుడి చెవి మా వైపే ఉంది. అతను ఎవరికీ ఏమీ చెప్పలేదని అప్పుడర్థమైంది. తలూపి ఇంటికి వచ్చేయొచ్చు నేను. ఇంకెవరికీ తెలియదు.

"వాడున్నది ఆ పొలంలో కాదమ్మా" అన్నాను. "మీ వాడు మొదటి ఏడాదే దొరికేవాడు, మూడే రోజుల్లో. ఎక్కడున్నాడో నాకు తెలుసు. ఇల్లు పోతుందని చెప్పలేదు. చెప్పి ఉంటే మీ అత్త చూసుకునేది."

వెల్గ మొదట నవ్వుమొహంతోనే ఉంది, అర్థంకాక. తర్వాత ఒక చెయ్యి తీసింది. కాసేపటికి రెండోదీ తీసింది. ఫాదరు పేర్లు చదవడం మొదలుపెట్టాడు. ఆమె సమాధికి అటువైపు వెళ్లి తనవాళ్ల మధ్య నిలబడింది, మళ్లీ నావైపు చూడలేదు.