వియర్తి వినాలనుకున్న ఉపగ్రహం

మా మేడగదిలో అద్దెకు దిగిన వియర్తి మీద నాకు మొదటిరోజే అనుమానం. పాలిటెక్నిక్‌లో ముప్పయ్యేళ్లు రేడియో పాఠాలు చెప్పి రిటైరైందట. మనిషి నోట్లో నాలుక లేనట్టుంటుంది. మరి పొద్దుగూకగానే, మా క్లాటెన్ ఊళ్లో అందరూ పిల్లల్ని లోపలికి పిలిచి తలుపులు మూసుకునే వేళ, డాబా ఎక్కి ఆకాశంలోకి వెదురుకర్ర చాపడమేమిటి? దానికి అడ్డంగా వడ్రంగి కొలత టేపు ముక్కలు, చెవిలో తీగ.

నిలదీశాను. మా వైపు 'అమ్మా' అన్నట్టు 'బు' అంటూ మర్యాదగానే చెప్పింది.

"చిన్న ఉపగ్రహాలు, బు సర్మీ. ఏది కూస్తోందో, ఏది చచ్చి చెత్తయిందో రాసుకుంటాను. ఒకటి మా ఆఖరి బ్యాచి పిల్లలు చేసిందే. రోజూ కిందికి జారుతోంది. కాలిపోయేదాకా దాన్ని వింటానని వాళ్లకి మాటిచ్చాను."

"ఆకాశానికి కాపలా మీరేనా?" అన్నాను.

నవ్వింది. తప్పుచేసినవాళ్లే అలా నవ్వుతారు.

ఎదురింటి జార్వో ఇంకాస్త ఎగదోశాడు. "మూడు క్లివోన్‌లు చూశాను బు. మూడుసార్లూ డాబా మీదే! చేతబడి కాక మరేంటి?"

మా ఐదురోజుల సంతవారంలో గాలీ ధూళీ తిరిగే రోజు క్లివోన్. తర్వాతి క్లివోన్‌కి డాబా తలుపుకు తాళం వేశాను.

వియర్తి కర్రతో పరుగెత్తుకొచ్చింది. "తియ్యండి బు, వచ్చేస్తోంది!"

"రేపు వినండి."

"రేపటికి ఉండదు. ఈ రాత్రే కాలిపోతుంది!"

"క్లివోన్‌నాడే ఎందుకెక్కుతారో ముందు చెప్పండి."

ఆవిడ నోటుపుస్తకం నా ముందు పెట్టింది. నేను తీరిగ్గా తేదీలు లెక్కగట్టాను. సంతవారంలో మిగతా నాలుగు రోజులు లెగి, పహింగ్, పోన్, వాగే కూడా ఏదీ వదల్లేదు. జార్వో వీధరుగు మీద కాపు కాసేదే క్లివోన్‌నాడు! మిగతా రోజులు వాడికేం కనిపిస్తుంది? నా బుద్ధికి చీడ పట్టిందనుకుంటూ తాళం తీశాను.

ఆవిడ ఒక్క అంగలో పైకెక్కి కర్ర చాపింది. కాసేపటికి చెవిలో తీగ తీసేసింది.

"దాటిపోయింది."

పుస్తకంలో టైము వేసి, పక్కన 'వినలేదు' అని రాసుకుంది.

"పిల్లలకేం చెబుతారు?" అన్నాను.

"డాబా ఎక్కడం ఆలస్యమైందని."

నా పేరెత్తలేదు. తిట్టి ఉంటే నేనూ రెండు తిట్టి ఊరుకునేదాన్ని.