సుక్కికి వండిన బాలింత పథ్యం

“పెట్టండి, బలమే కదా” అన్నాను. ఆ రోజు నేను చేసిన తప్పు ఆ మూడు మాటలే. అడిగిన మనిషి వైపు తలెత్తి చూడను కూడా లేదు. గేదెలకు వేసిన టీకాల లెక్క రిజిస్టరులో రాసుకుంటూ, రాత ఆపకుండానే జవాబు చెప్పేశాను.

అది 1999. కాకినాడకు ఉత్తరాన, సముద్రపు గట్టు మీద ఉన్న ఒక మత్స్యకారుల ఊళ్లో పశువైద్యుడిగా పనిచేస్తున్నాను. ఉద్యోగంలో చేరి అప్పటికి ఆరేళ్లు. రెండు గదుల ఆసుపత్రి. వచ్చేవి ఎక్కువగా గేదెలు, మేకలు. కుక్కను వైద్యానికి తీసుకొచ్చేవాళ్లు అరుదు.

నూకరత్నం కూడా ఆ రోజు కుక్కను తీసుకురాలేదు. ఒక మాట అడగడానికి వచ్చింది. అరవై దాటిన మనిషి. ఎండుచేపలు అమ్మేది. వాళ్ల వీధిలో ఎవరు ప్రసవించినా బాలింత పథ్యం వండిపెట్టేది ఆవిడే.

“మా లచ్చికీ, మా సుక్కికీ ఒకే వారంలో పురుళ్లండి బాబూ. లచ్చికి ఆడపిల్ల. సుక్కికి అయిదు. లచ్చికి సొరపిట్టు వండుతున్నాను. దానికీ కాస్త పెట్టొచ్చాండి? పాలు పడతాయని.”

లచ్చి ఆవిడ కూతురు లోవలక్ష్మి. సుక్కి వాళ్ల కుక్క. నేను చెప్పిన జవాబు మీకు ముందే చెప్పాను.

సొరపిట్టు సంగతి తెలియనివాళ్లకు ఒక్క మాట. పిల్ల సొరచేపను ఉడకబెట్టి, తోలు తీసి, పొడిపొడిగా చిదిపి, ఉల్లిపాయలు, దంచిన వెల్లుల్లి వేసి వేయిస్తారు. బాలింత కోసమైతే వెల్లుల్లి గుప్పెళ్లతో పడుతుంది. మనిషికి అది మేలు. చేప కుక్కకూ మేలే. కానీ ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తంలోని ఎర్రకణాలను విరిచేస్తాయి. రెండింటిలో వెల్లుల్లిదే ఎక్కువ ఘాటు. కాలేజీలో విషాల పాఠంలో ఇది చదివాను. పరీక్షలో రాశాను. మార్కులు కూడా వచ్చాయి. నూకరత్నం వెల్లుల్లి పేరెత్తలేదు నిజమే. కానీ బాలింతకు వండే సొరపిట్టులో ఏముంటుందో ఈ గోదావరి జిల్లాల్లో పుట్టిన నాకు ఒకరు చెప్పాలా?

ఎనిమిది రోజుల తర్వాత ఆవిడ సుక్కిని చేపల గంపలో పెట్టుకుని నెత్తిన మోసుకొచ్చింది. బల్ల మీద పడుకోబెట్టి పెదవి ఎత్తి చూశాను. చిగుళ్లు సున్నం వేసిన గోడలా ఉన్నాయి. గుండె గబగబా కొట్టుకుంటోంది. గంపలో పరిచిన గోనె మీద పోసిన మూత్రం కాఫీ డికాషన్ రంగులో ఉంది. చెవి వెనక రెండు పిడుదులు కనిపించాయి. అంతే, నా మనసులో కేసు తేలిపోయింది. టిక్ ఫీవర్. పిడుదు కుట్టినప్పుడు రక్తంలోకి చేరే సూక్ష్మజీవి వల్ల వచ్చే జ్వరం అది. అందులోనూ మూత్రం ఇలాగే ముదురు రంగులోకి మారుతుంది. మా ప్రాంతంలో తరచూ వచ్చేదే.

అయితే అది అవునో కాదో తేల్చుకోవడానికి స్మియర్ చూడాలి. చెవి కొస నుంచి ఒక చుక్క రక్తం తీసి, గాజు పలక మీద పల్చగా రాసి, రంగు అద్ది మైక్రోస్కోప్ కింద పెట్టడమే స్మియర్. అరగంట పని. మైక్రోస్కోప్ బీరువాలోనే ఉంది. బయట మూడు గేదెలు, వాటి ఆసాములు నిలబడి ఉన్నారు. బీరువా తీయలేదు. టిక్ ఫీవర్ ఇంజక్షన్ చేసి పంపించాను.

“ఏం తినిపించమంటారండి?” గంప ఎత్తుకుంటూ అడిగింది.

“ఏదైనా బలమైంది పెట్టండి.”

“ఆయ్, అలాగేనండి.”

ఆవిడకు తెలిసిన బలమైన తిండి ఏదో నేను అడగలేదు. అంతవరకు రెండు పూటలా పెడుతున్న సొరపిట్టు ఆ రోజు నుంచి మూడు పూటలైంది.

మూడో రోజు పొద్దున మళ్లీ వచ్చింది. సుక్కి తల కూడా ఎత్తడం లేదు. అయినా పిల్లలకు పాలిస్తూనే ఉందని నూకరత్నం చెబితే నేను నమ్మలేదు. పొదుగు తాకి చూశాను. వేళ్లకు పాలు తగిలాయి. నాలుక తెల్లకాగితంలా ఉన్న జంతువు, తన ఒంట్లో మిగిలిన కాస్త సత్తువనూ పాలుగా మార్చి అయిదు నోళ్లకు అందిస్తోంది. ఆ క్షణంలో నా చదువు మీద నాకే సిగ్గేసింది.

అప్పుడు తీశాను మైక్రోస్కోప్. స్మియర్‌లో టిక్ ఫీవర్ క్రిమి ఒక్కటీ కనబడలేదు. ఆటో మాట్లాడి నూకరత్నాన్నీ సుక్కినీ ఎక్కించుకుని కాకినాడలో మా సీనియర్ డాక్టరు దగ్గరికి బయలుదేరాను. కూనలను లోవలక్ష్మికి అప్పజెప్పి, మేకపాలలో గుడ్డ వత్తి ముంచి పట్టమన్నాను.

సీనియర్ రక్తానికి నీలి రంగు కలిపి, చూసి, పక్కకు జరిగి నన్ను చూడమన్నారు. చూశాను. దాదాపు ప్రతి ఎర్రకణం అంచునా ఆవగింజ అంటించినట్టు ఒక నల్లటి బుడిపె. గాజు పలక కదిపిన చోటల్లా అవే. వీటిని హైంజ్ బాడీస్ అంటారు. కణం లోపలి సరుకు విరిగి గడ్డకట్టి అంచుకు చేరితే అలా కనిపిస్తుంది. అలాంటి కణాలను శరీరమే ఏరి పారేస్తుంది. పుస్తకంలో బొమ్మగా చూసినదాన్ని ఒక ప్రాణి ఒంట్లో లక్షలుగా చూశాను.

“ఏం తింటోందయ్యా ఇది?” అన్నారు సీనియర్.

నేను నోరు తెరిచేలోపే గుమ్మం దగ్గర నిలబడ్డ నూకరత్నం చెప్పింది. “సొరపిట్టండి. ఎల్లుల్లి బాగా దంచేసి, ఉల్లిపాయలేసి. మా పిల్లకి పెట్టినట్టే పెడుతున్నానండి.”

“కుక్కకి వెల్లుల్లా? ఎవరమ్మా పెట్టమన్నది?”

నేను మైక్రోస్కోప్‌లోంచి కళ్లు తీయలేదు. చూడ్డానికి ఇంకేమీ లేదు. అయినా తీయలేదు.

“ఎవరూ సెప్పలేదండి. నాకే తోచింది” అంది నూకరత్నం.

ఆ మాట విని కూడా నేను మాట్లాడలేదు.

వెల్లుల్లికి విరుగుడు మందంటూ లేదు. తిండి ఆపాలి, కొత్త రక్తం పుట్టేదాకా ప్రాణం నిలబెట్టాలి. అందుకు ట్రాన్స్‌ఫ్యూజన్ చేయాలన్నారు సీనియర్. అంటే వేరే కుక్క రక్తం తీసి దీనికి ఎక్కించడం. మొదటిసారైతే కుక్కలు వేరే కుక్క రక్తాన్ని చాలావరకు తట్టుకుంటాయి. పెద్ద కుక్క, ఆరోగ్యంగా ఉన్నది, వెంటనే కావాలి.

“మా ఈదిలో సింహాద్రి కుక్కుందండి, భీముడని. దున్నపోతులా ఉంటది” అంది నూకరత్నం. “కానీ ఆడికీ నాకూ మాటల్లేవు. వలలారేసుకునే కాడ తగువు.”

అదే ఆటోలో నేను వెనక్కి వెళ్లాను. సింహాద్రి పడవకు తారు పూస్తున్నాడు. సంగతి చెప్పాను.

“మా వోడి రత్తం ఆ ముసల్దాని కుక్కకా? నా వల ఆరేసుకోటానికి జానెడు చోటివ్వలేదండి అది!” అని గట్టిగా నవ్వాడు. నవ్వుతూనే తారు బ్రష్షు కింద పెట్టి లేచాడు. “ఇంతకీ ఏం పెట్టిందేంటండి దానికి?”

చుట్టూ పదిమంది దాకా ఉన్నారు. “బాలింత సొరపిట్టు. వెల్లుల్లి కుక్కలకి విషం” అన్నాను. అంతవరకే చెప్పాను. ఎవరు పెట్టమన్నారో చెప్పలేదు.

భీముణ్నీ సింహాద్రినీ ఆటోలో కాకినాడ తీసుకొచ్చాను. భీముడి మెడ దగ్గర వెంట్రుకలు గొరిగి రక్తం తీస్తున్నంతసేపూ సింహాద్రి దాని చెవిలో ఏదో చెబుతూనే ఉన్నాడు. అది కదల్లేదు. నిండిన సంచి ఎత్తున కట్టి, గొట్టం సుక్కి కాలి నరానికి పెట్టాం. మొదట చుక్క చుక్కగా వదిలాం. వణుకు గానీ వాపు గానీ వస్తుందేమోనని చూస్తూ కూర్చున్నాం. ఏదీ రాలేదు. వేగం పెంచాం. సంచి సగం ఖాళీ అయ్యాక పెదవి ఎత్తి చూశాను. చిగుళ్ల అంచున ఎర్రజామ పండు లోపలి లేత రంగు. నూకరత్నం చూసింది, సింహాద్రి వంగి చూశాడు. సంచి ఖాళీ అయిన కాసేపటికి సుక్కి ముందుకాళ్లు మోపి లేచి కూర్చుని, తలుపు వైపు తిరిగి ముక్కు ఎగబీల్చింది. పొదుగు నుంచి ఒక పాలచుక్క బల్ల మీద పడింది. పిల్లల కోసం వెతుక్కుంటోంది.

ఎన్నో కాన్పులు, ఆపరేషన్లు చేశాను. చేతులు జోడించాలనిపించిన క్షణం మాత్రం అదొక్కటే.

“ఇక నుంచి దీని ఒంట్లో మా వోడి రత్తమండి” అన్నాడు సింహాద్రి. “వలల కాడ నా మీద మొరగదేమో సూడాలి.”

“మొరగటం నేనే నేర్పుతాలే, పో!” అంది నూకరత్నం, కళ్లు తుడుచుకుంటూ.

సుక్కి బతికింది. కూనల్లో ఒకటి పోయింది. కథ అక్కడితో అయిపోయిందనుకున్నాను.

మూడు వారాల తర్వాత సుక్కిని చూద్దామని వాళ్లింటికి వెళ్లాను. చిగుళ్లు బాగున్నాయి. ఇంట్లో మాత్రం ఏదో తేడాగా ఉంది. బయట పథ్యం వండే పెద్ద పొయ్యిలో బూడిద కూడా లేదు. లోవలక్ష్మి పిల్లను ఒళ్లో వేసుకుని మెల్లగా చెప్పింది.

“మా అమ్మనెవరూ పిలవట్లేదండి. ఈ నెల్లో రెండు పురుళ్లయ్యాయి ఈదిలో. కుక్క రత్తమే ఇరిగిపోయింది, మనిషికి మాత్రం మంచిదా అంటున్నారు. మా అత్త నాకు కూడు అక్కణ్నుంచే పంపుతుంది. ఇక్కడ తినొద్దంది.”

ఎవరో పుట్టించిన పుకారు కాదు అది. పడవ దగ్గర నేను పదిమంది ముందు అన్న మాట. సగం నిజం చెప్పి, రెండో సగం నా దగ్గర దాచుకున్నాను. ఆ సగానికి బదులు ఒక ముసలావిడ తన పేరు పోగొట్టుకుంది.

“ఆ రోజు ఎవరూ చెప్పలేదని ఎందుకన్నారు?” అని నూకరత్నాన్ని అడిగాను.

ఆవిడ ఎండుచేపలు తిరగేస్తూ చెప్పింది. “మీ పెద్దాయన ముందు మీకు మాట రాకూడదని. ఆ పైన రేపు మా మేకలకీ ఆల్ల గేదెలకీ మీరే కదండీ మందియ్యాలి? మీ మాట మీద నమ్మకం పోతే ఆటికెవరున్నారు సెప్పండి? నాదేముందండి.”

మర్నాడు పొద్దున పడవలు ఒడ్డుకు వచ్చే వేళ వెళ్లి అందరి ముందూ చెప్పాను. పెట్టమన్నది నేనేనని, చదివి కూడా మర్చిపోయానని, రక్తం చూడకుండా తప్పు ఇంజక్షన్ చేశానని, వెల్లుల్లి మనిషికి ఏ హానీ చేయదని. సింహాద్రి గడ్డం గోక్కున్నాడు. వెనక నుంచి ఒక ఆడమనిషి అంది, “డాట్రుగారు మంచోరు. ముసల్దాని మీద జాలితో తన మీదేసుకుంటున్నారు.” అందరూ తలూపారు.

నా సగం నిజాన్ని ఒక్క పూటలో నమ్మినవాళ్లు, నా పూర్తి నిజాన్ని నమ్మలేదు. మాటతో పోయిన పేరు మాటతో తిరిగి రాదని అప్పుడు తెలిసింది.

ఆసుపత్రిలో నా పద్ధతి మార్చుకున్నాను. అప్పటి నుంచి ఏ జంతువునూ ఏం పెడుతున్నారో అడగకుండా ముట్టుకోలేదు. “బలమైంది” అన్న మాట వాడటం మానేశాను. పేరు పెట్టి చెబుతాను. ఉల్లి, వెల్లుల్లి, చాక్లెట్, టీ పొడి కుక్కకు వద్దని, పేగులో అడ్డుపడే మామిడి టెంక అందనివ్వొద్దని గోడ మీద రాయించాను. ద్రాక్ష, కిస్‌మిస్ కూడా కుక్క మూత్రపిండాలను పాడు చేస్తాయని కొన్నేళ్ల తర్వాత చదివి, ఆ రెండూ చేర్చాను. అంతకుముందు ఎన్ని కుక్కలకు ద్రాక్ష పెట్టమన్నానో నాకే తెలియదు.

కానీ ఇవేవీ నూకరత్నం పొయ్యి వెలిగించలేదు. ఆ శీతాకాలంలో మా చెల్లెలు కాకినాడలో ప్రసవించింది. ఇంట్లో చెప్పి ఒప్పించి, కారియర్ పట్టుకుని నూకరత్నం ఇంటికి వెళ్లాను. “మా చెల్లికి పథ్యం మీరే వండాలి” అన్నాను. ఆవిడ లేచి పెద్ద పొయ్యి తుడిచింది.

రోజూ పొద్దున్నే మోపెడ్ మీద వెళ్లేవాణ్ని. దగ్గరి దారి ఉన్నా వీధి మొదట్లోనే బండి ఆపి, కారియర్ చేత్తో పట్టుకుని, అందరి గుమ్మాల ముందు నుంచి నడిచి వెళ్లి, నడిచి వచ్చేవాణ్ని. ఎవరైనా ఏంటండి అంటే మూత తీసి చూపించేవాణ్ని. నాలుగు రోజులు ఎవరూ ఏమీ అనలేదు. అయిదో రోజు ఒకావిడ, “మీ చెల్లికి పాలు పడుతున్నాయాండి?” అని అడిగింది. పడుతున్నాయన్నాను.

పదో రోజు వెళ్లేసరికి నూకరత్నం గుమ్మంలో కూర్చుని వెల్లుల్లి వొలుస్తోంది. పక్కన చేటలో రెండు పిల్ల సొరలు. సుక్కి అన్నం విడిగా మూకుడులో, చప్పిడిది. నన్ను చూసి లేవలేదు.

“రేపట్నుంచి నాకు కుదరదు బాబూ. మీ ఇంట్లో ఎవరైనా వండుకోండి” అంది. “రాతిరి సింహాద్రి కోడలికి మొగపిల్లోడు పుట్టాడు. తెల్లారకముందే సొరలట్టుకుని ఒచ్చి గుమ్మంలో కూకున్నాడు సచ్చినోడు.”

ఆ రోజు కారియర్ కూడా సగమే నింపింది. మిగతాది సింహాద్రి ఇంటికి పంపాలంది.