ఛురా కాదు, చాకూ మాత్రమే

1979 ఫిబ్రవరిలో నన్ను దక్షిణ ఢిల్లీలోని టెలిఫోన్ కేబుళ్ల విభాగానికి బదిలీ చేశారు. హోదా జూనియర్ ఇంజనీరు. నా కింద ఇద్దరు లైన్ ఇన్‌స్పెక్టర్లు, ఆరుగురు జాయింటర్లు, ఇరవైమంది దాకా కూలీలు ఉండేవారు. నా పైన అసిస్టెంట్ ఇంజనీరు, ఆయన పైన డివిజనల్ ఇంజనీరు. చేరిన రెండో నెలలో డివిజనల్ ఇంజనీరు నన్ను పిలిచి బల్ల మీద రెండు మడత చాకులు పెట్టారు. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. ఇకమీదట జాయింటర్లందరికీ ఒకే రకం ఇవ్వాలనుకుంటున్నామనీ, ఏది ఇవ్వాలో పరీక్షించి నివేదిక రాయమనీ చెప్పారు.

చాకుకు నివేదిక ఏమిటని చదివేవారు నవ్వుకోవచ్చు. ఆ రోజుల్లో భూమిలో వేసే కేబుల్‌కు పైన సీసపు తొడుగు, లోపల కాగితం చుట్టిన వందల జతల రాగి తీగలు ఉండేవి. జాయింటర్ గోతిలో కూర్చుని తొడుగు చుట్టూ గాటు పెట్టి, దాన్ని విరిచి తీసి, తీగ తీగనూ కలిపి, తిరిగి సీసపు గొట్టం కప్పి టంకంతో మూసేస్తాడు. గాటు ఒక నూలుపోగంత లోతుగా దిగితే లోపలి కాగితం తెగుతుంది. తెగిన చోటికి తేమ చేరితే వానాకాలంలో వందిళ్ల ఫోన్లు మూగబోతాయి. అంచేత జాయింటర్‌కు చాకంటే రాతగాడికి కలం లాంటిది.

పెద్ద చాకు అలుగు, అంటే కోసే భాగం, నాలుగు అంగుళాలకు పావు తక్కువ. చిన్నదానిది రెండున్నర. రెండింటినీ నలుగురు జాయింటర్లకు పదిహేను రోజులు ఇచ్చి, చేతి గడియారంతో పక్కన నిలబడి చూశాను. తొడుగు కొయ్యడంలో పెద్దదే ముందుంది. కాగితం ఒలవడంలో చిన్నది కాస్త నయం, కానీ ఆ తేడా నా లెక్కకు ఆనలేదు. అప్పుడు నాకు ముప్ఫై ఏళ్లు. గడియారం చెప్పిందే సత్యమని నమ్మే వయసు.

ఆ నలుగురిలో పెద్దవాడు చందర్‌భాన్. రోహ్‌తక్ వైపువాడు, అప్పటికి పాతికేళ్ల సర్వీసు ఉంది. ఎండిన వేపపుల్లలా ఉండేవాడు. మధ్యాహ్నం రొట్టెలు తిన్నాక హిందీ పేపరు విప్పి, చదువురాని కూలీలకు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివి వినిపించడం అతని అలవాటు. అతని దగ్గర ఎప్పటినుంచో ఒక చిన్న చాకు ఉండేది. అదీ సర్కారు సొత్తే. అరిగి అరిగి అలుగు సన్నబడింది. అతని అభిప్రాయం అడిగితే ఒక్క మాటలో చెప్పాడు.

“సాబ్, బడావాలా డబ్బే మే రహేగా, ఛోటావాలా జేబ్ మే. కామ్ వహీ ఆతా హై జో జేబ్ మే హో.”

పెద్దది పెట్టెలో ఉంటుంది, చిన్నది జేబులో ఉంటుంది, అక్కరకొచ్చేది జేబులో ఉన్నదేనని దాని అర్థం. నేను తల ఊపి పుస్తకంలో రాసుకున్నాను. నివేదికలో మాత్రం రాయలేదు. జేబు సంగతి పరీక్షాంశాల్లో లేదు మరి. పెద్దదాన్నే సిఫారసు చేశాను. డివిజనల్ ఇంజనీరు మెచ్చుకుని సంతకం పెట్టారు.

కొత్త చాకులు వచ్చిన రోజు స్టోరు నియమం ప్రకారం పాతది అప్పగిస్తేనే కొత్తది ఇవ్వాలి. చందర్‌భాన్ తన పాతదాన్ని ఉంచుకోనివ్వమని అడిగాడు. చేతికి అలవాటైందనీ, తుక్కులో వేస్తే ఎవరికీ పనికిరాదనీ అన్నాడు. నియమం నియమమేనన్నాను. అతను దాన్ని తుక్కు డబ్బాలో వేసి, పెద్ద చాకు తీసుకుని వేలిముద్ర వేసినంత గట్టిగా సంతకం పెట్టాడు.

పెద్ద చాకు మడిచినా చొక్కా జేబులో ఇమడదు. పిడి పైకి పొడుచుకు వస్తుంది. నియమం ప్రకారం సాయంత్రం అయిదింటికి పనిముట్లన్నీ స్టోరులో అప్పగించి వెళ్లాలి. కానీ గోతిలో సగం కలిపిన కేబుల్‌ను వదిలి ఏ జాయింటరూ అయిదింటికి లేవలేడు. లేచేసరికి స్టోరుకు తాళం పడేది. మిగతా సామాను గోతి దగ్గరి కాపలావాడికి అప్పగించి, చాకును మాత్రం జేబులో వేసుకుని ఇళ్లకు వెళ్లేవారు. ఆ సంగతి నాకు తెలుసు. చూసీ చూడనట్టు ఊరుకున్నాను.

1981 నవంబరు నాటికి ఢిల్లీలో తవ్వని రోడ్డు లేదు. మరోపక్క కత్తిపోట్లు పెరిగాయని, మూడు అంగుళాలు దాటిన అలుగున్న చాకు పట్టుకుని వీధిలో తిరిగితే ఆయుధాల చట్టం కింద కేసు పెడుతున్నారు. ఇంటిపనికీ వృత్తిపనికీ వాడే సాధనాలకు ఆ చట్టంలో మినహాయింపు ఉంది. ఒక శుక్రవారం సాయంత్రం ఆరింటికి చందర్‌భాన్ సరోజినీ నగర్ దగ్గర బస్సు కోసం నిలబడి ఉండగా, జేబులోంచి పైకి కనిపిస్తున్న పిడిని ఒక కానిస్టేబుల్ చూశాడు. తీసి కొలిచారు. ఠాణాకు తీసుకెళ్లి లోపల కూర్చోబెట్టారు.

నాకు కబురు శనివారం ఉదయం అందింది. అప్పుడు నా మనసులో మెదిలింది ఒక్కటే నియమం. ప్రభుత్వోద్యోగి నలభై ఎనిమిది గంటలకు మించి నిర్బంధంలో ఉంటే, ఎవరూ ఉత్తర్వు ఇవ్వకపోయినా సస్పెండయినట్టే లెక్క. ఆదివారం సాయంత్రంలోగా అతన్ని బయటికి తేవాలి. ఆర్.కె. పురంలోని మా క్వార్టర్ నుంచి ఆటోలో ఠాణాకు పరుగెత్తాను.

సబ్ ఇన్‌స్పెక్టర్ మర్యాదస్థుడే. ఈ మనిషి ఎవరో, ఈ వస్తువేమిటో మీ చేత్తో హిందీలో రాసివ్వండి, పై అధికారికి చూపించి వదిలే వీలుంటే వదిలేస్తాను, లేదంటే మధ్యాహ్నం కోర్టుకు పంపాలి అన్నాడు. ప్రభుత్వం పెట్టిన హిందీ పరీక్షలు మూడూ నేను మొదటిసారే పాసయ్యాను. ఆ గర్వం నాకుండేది. బల్ల ముందు కూర్చుని కాగితం తీసుకున్నాను. పదడుగుల అవతల కటకటాల వెనక చందర్‌భాన్ గోడకు ఆనుకుని కూర్చున్నాడు. నన్ను చూసి లేచి నమస్కారం పెట్టాడు. నేను చెయ్యి ఊపి, రాయడంలో పడ్డాను.

ఇక్కడ నా తెలివిని కాస్త వివరించాలి. అది సర్కారు పనిముట్టని రాస్తే, అయిదు దాటాక జేబులో ఎందుకుందన్న ప్రశ్న వస్తుంది. అతనికి మెమో వస్తుంది, చూసీ ఊరుకున్నందుకు నాకూ వస్తుంది. అందుకని పనిముట్టన్న మాటే ఎత్తలేదు. అతన్ని కాపాడటానికే అలా చేశానని చాలా ఏళ్లు చెప్పుకున్నాను. సగం నన్ను నేను కాపాడుకోవడానికే చేశాను. ఇక వస్తువు సంగతి. మా వైపు చాకంటే పెన్సిలు చెక్కేది, జామకాయ కోసేది. చురుకైనవాణ్ని చాకులాంటి కుర్రాడంటాం. మనుషుల్ని పొడిచేది కత్తి. పేపర్లలో కత్తిపోట్లనే రాస్తారు గానీ చాకుపోట్లని ఎవరు రాస్తారు? హిందీలో కత్తికి సరైన మాట ఛురా అని నాకు పరీక్షల్లో నేర్పారు. కాబట్టి ఈ మనిషి పాతికేళ్ల సర్వీసున్న నమ్మకస్థుడని రాసి, దాని కింద రెండు వాక్యాలు పొందికగా చేర్చాను.

“యహ్ ఛురా నహీఁ హై, కేవల్ చాకూ హై. ఇస్‌కా ఫల్ పౌనే చార్ ఇంచ్ కా హై.”

ఇది ఛురా కాదు, చాకూ మాత్రమే. అలుగు పొడవు నాలుగు అంగుళాలకు పావు తక్కువ. కొలత ఎవరూ అడగలేదు. నా పాత నివేదికలోని అంకె నోటికి వచ్చింది, రాసేశాను. కింద సంతకం పెట్టి హోదా రాశాను. సబ్ ఇన్‌స్పెక్టర్ రెండుసార్లు చదివి, నా ముఖంలోకి ఒకసారి చూసి, “ఠీక్ హై సాబ్, బహుత్ సాఫ్ లిఖా హై” అన్నాడు. చాలా స్పష్టంగా రాశారని పొగిడాడనుకున్నాను. మధ్యాహ్నం అతన్ని కోర్టుకు తీసుకెళ్లారు. సోమవారం దాకా రిమాండు అన్నారు. ఎందుకలా అయిందో నాకు బోధపడలేదు.

ఆదివారం భోజనాల దగ్గర మా ఆవిడ శారదతో చెప్పాను. ఆవిడ ఏ పరీక్షా రాయలేదు. కూరగాయల బండ్ల దగ్గరా, బట్టల దుకాణాల్లోనూ బేరమాడి నేర్చుకున్న హిందీ ఆవిడది. నేను రాసిన వాక్యం వినగానే వడ్డిస్తున్న గరిటె ఆపేసింది.

“చాకూ అని రాశారా? అయ్యో! మొన్న బజార్లో చాకూ చల్ గయా అని ఎవడో అరిస్తే, జనం చెప్పులు కూడా వదిలేసి పరిగెత్తారండీ. ఇక్కడ పొడుచుకునేది దాంతోనే. పేపర్లో చాకూబాజీ అని రోజూ వేస్తారు కదా, మీరు చూళ్లేదూ?”

చూశాను. చదివాను కూడా. నా చేతిలోని మాటా, పేపర్లోని మాటా ఒకటేనని మాత్రం తట్టలేదు. పట్టుబడిన వస్తువు నిషిద్ధమైన చాకూయేనని, కొలతతో సహా నేనే ధ్రువీకరించి వచ్చాను.

“కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టు చేశారు. పాపం, పిల్లలు గలవాడు” అంది శారద. ఆ సాయంత్రానికి నలభై ఎనిమిది గంటలు నిండాయి.

సోమవారం కోర్టులో బెయిలు దొరికింది. వరండాలో చందర్‌భాన్ నా దగ్గరికి వచ్చాడు. మేజిస్ట్రేటు నా కాగితం పైకి చదవగా విన్నాడట. కోపం లేదు. నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగాడు.

“సాబ్, ఆప్‌నే భీ చాకూ హీ లిఖా? ఔజార్ లిఖ్ దేతే.”

మీరు కూడా చాకూ అనే రాశారా, ఔజార్ అని రాయాల్సింది అన్నాడు. ఔజార్ అంటే పనిముట్టు. ఆ మాట నాకు రాక కాదు. మా భాషలో దాని అర్థం వేరని ఏదో గొణిగాను. అతను విని, అచ్ఛా అన్నాడు. ఆ తరవాత ఎన్నడూ ఆ ప్రస్తావన తేలేదు. తెచ్చి నాలుగు తిట్టినా బాగుండేదని అప్పుడూ అనిపించింది, ఇప్పుడూ అనిపిస్తుంది.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాను. అది మా విభాగం ఇచ్చిన పనిముట్టేనని స్టోరు పుస్తకంలోని పేజీతో సహా రెండో లేఖ రాశాను. సర్కారు వకీలు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి, మొదట లేని పనిముట్టు తరవాత ఎక్కడినుంచి వచ్చిందని అడిగాడు. వాయిదాల మీద వాయిదాలు పడ్డాయి. చందర్‌భాన్ సస్పెన్షన్ కొనసాగింది. నేనిచ్చిన చాకు సీలువేసిన గుడ్డసంచిలో కోర్టులోనే ఉండిపోయింది. ఏడాదిన్నర తరవాత అతని వకీలు, నీ ఆఫీసరే చాకూ అని రాసిచ్చాడు, ఇక వాదించేదేముంది, నేరం ఒప్పుకుంటే చిన్న జరిమానాతో పోతుంది అని సలహా ఇచ్చాడు. తిరిగి తిరిగి విసిగిన మనిషి ఒప్పుకున్నాడు. జరిమానాతోనే పోయింది.

పోయిందని అతను అనుకున్నాడు. నాతో ఒక్క మాట చెప్పి ఉంటే ఆపేవాణ్ని. కానీ నాతో ఎందుకు చెబుతాడు? క్రిమినల్ కోర్టులో నేరం రుజువైతే, జరిమానా ఎంత చిన్నదైనా, శాఖాపరమైన చర్యకు విడిగా విచారణ అక్కర్లేదు. తీర్పు నకలు చాలు. ఫైలు పైకి వెళ్లింది. 1983 ఆగస్టులో ఉద్యోగంలోంచి తొలగిస్తూ ఉత్తర్వు వచ్చింది. పింఛను లేదు. పై అధికారికి రెండుసార్లు అప్పీలు రాయించాను. రెండూ తిరిగొచ్చాయి.

చిన్న చాకును సిఫారసు చేసి ఉంటే అది జేబు దాటి కనిపించేది కాదు, కనిపించినా కొలత దాటేది కాదు. ఆ తరవాత సామాను కావాలని పంపిన ఇండెంట్లలో నేను రెండున్నర అంగుళాల చాకే రాశాను. ఎవరూ కారణం అడగలేదు. కానీ ఈ వ్యవహారంలో నేను నేర్చుకున్న పాఠం చాకుల గురించి కాదు. ఒక మనిషి గురించి కాగితం రాస్తే, సంతకం పెట్టేముందు దాన్ని ఆ మనిషికి చదివి వినిపించాలి. పదడుగుల అవతలే కూర్చున్న మనిషి అతను. అందరికీ పేపరు చదివి వినిపించేవాడు. నేను ఒక్కసారి చదివి వినిపించి ఉంటే ఆ మాట అక్కడే దిద్దేవాడు. రిటైరయ్యేదాకా ఆ పద్ధతి తప్పలేదు.

తొలగింపు ఉత్తర్వు ఇంగ్లీషులో వచ్చింది. దాన్ని అందజేసి రసీదు తీసుకోవలసిన అధికారిని నేనే. చందర్‌భాన్ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, చదవమని నా చేతికే ఇచ్చాడు. వాక్యం వాక్యం హిందీలోకి మార్చి, మొదటినుంచి చివరిదాకా చదివాను. ఈ పద్ధతిలో నేను చదివి వినిపించిన మొదటి కాగితం అదే.