పొగ లేని ఫోటో

1991 డిసెంబరు. తెనాలిలో రైల్వే ట్రాఫిక్ ఇన్‌స్పెక్టరుగా నాకది నాలుగో ఏడు. తెనాలి నుంచి రేపల్లెకు పోయే బ్రాంచి లైన్లో అప్పటికింకా స్టీమ్ ఇంజనే తిరిగేది. ఎండలు ముదిరేలోపు డీజిల్ వస్తుందని మాకు తెలుసు. ఆ కబురు ఎలా పాకిందో గాని, స్టీమ్ ఇంజనంటే ప్రాణం పెట్టే విదేశీయుల బృందం ఒకటి, అది ఆగిపోయేలోపు ఒక్కసారైనా ఎక్కాలని చార్టర్ అడిగింది. చార్టర్ అంటే పెళ్లివారు బస్సు మాట్లాడుకున్నట్టు బండి మొత్తాన్ని ఒక బృందమే మాట్లాడుకోవడం. ఆ ఏర్పాట్లు చూసే పని నా మీద పడింది. పడిందని అంటున్నాను గాని, నిజానికి ఎగిరి గంతేసి తీసుకున్నాను.

మా ఉద్యోగంలో బండి టైముకి నడిస్తే మెచ్చుకునేవాడు ఉండడు, ఆలస్యమైతే తిట్టనివాడు ఉండడు. అలాంటిది మా పాత ఇంజన్ను చూడ్డానికి ముప్పై మంది సముద్రాలు దాటి వస్తున్నారంటే నాకు కాస్త తలకెక్కింది. రెండు వారాలు ట్రాలీ మీద లైనంతా తిరిగి, ఎక్కడ ఆపాలో ఎక్కడ దించాలో రాసుకున్నాను. వాళ్లకు ప్రయాణం కంటే రన్‌పాస్ట్ ముఖ్యం. అంటే వాళ్లను పొలం గట్టున దించి, బండిని అర కిలోమీటరు వెనక్కి తీసుకుపోయి, మళ్లీ వాళ్ల ముందు నుంచి జోరుగా నడపాలి. వాళ్లు ఫోటోలు తీసుకుంటారు. ఆ పూట ఆ లైన్లో ఇంకో బండి లేకుండా చూడాలి, ముందే అనుమతులు తెచ్చుకోవాలి. అవన్నీ ఒక్కటి మర్చిపోకుండా చేశాను. ప్రతి రన్‌పాస్టుకీ దట్టమైన నల్లపొగ ఉండాలని వాళ్ల ఉత్తరంలో ఒక షరతు ఉంది. స్టీమ్ ఇంజన్‌కి పొగకేం కరువు అనుకుని సంతకం పెట్టి పంపేశాను.

నేను చేసిన తప్పు అదే. డ్రైవర్ని అడగలేదు.

డ్రైవర్ ప్రకాశరావు గారిది బాపట్ల. లూథరన్ చర్చిలో సంఘపెద్ద, మాట తక్కువ మనిషి. ఇంజన్ ఎక్కే ముందు బొగ్గు పారని కూడా గుడ్డతో తుడిపించేవారు. జనవరి నెలాఖరుకి ఆయన రిటైర్‌మెంట్. పోయేముందు ఆయనకో గౌరవంగా ఉంటుందని నేనే పట్టుబట్టి ఆ స్పెషల్‌కి ఆయన పేరు వేయించాను.

ఆ ఉదయం తెనాలి ప్లాట్‌ఫారం మీద ప్రోగ్రాం కాగితం ఆయన చేతికిచ్చాను. కళ్లజోడు పెట్టుకుని చదువుతూ పొగ గురించి రాసిన చోట ఆగిపోయారు.

"ఇదేంటి సార్?"

"ఫోటోల కోసమండి. నాలుగు పారలు ఎక్కువేయిస్తే సరిపోద్ది కదా."

"అది ఫైరింగ్ రానోడు చేసే పనండి. బొగ్గు సరిగ్గా కాలితే చిమ్నీ మీద వేడిగాలి ఆడుద్దంతే. నల్లగా వచ్చిందంటే బొగ్గు కాలకుండా పైకి పోతున్నట్టు. నా దగ్గర చేసిన ఫైర్‌మన్ ఎవడైనా అట్టా పొగ తెస్తే చేతిలో పార లాక్కునేవాణ్ణి."

"ఒక్క పూటే కదండీ. నేను సంతకం కూడా పెట్టేశాను."

ఆయన కళ్లజోడు తీసి నావంక చూశారు. "మీ సంతకం నిలబడాలి, నిజమేనండి. మరి నా పేరు పోయినా ఫర్లేదా?"

ఇరుకున పడ్డప్పుడు అధికారి అనేవాడు ఏమంటాడో నేనూ అదే అన్నాను. "ఇది ఆర్డరండి."

"ఆర్డరైతే సరేనండి," అని ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

తెనాలి నుంచి వేమూరు దాకా ఆయన తన పద్ధతిలోనే నడిపారు. ఆ ముక్కలో రన్‌పాస్టులు లేవు. బండి ఎంత మెత్తగా పోయిందంటే నా చేతిలో టీ తొణకలేదు. బృందం నాయకుడు, తెల్లగడ్డం పెద్దాయన, పెట్టెలోంచి తల బయట పెట్టి చూసి నా దగ్గరికొచ్చి, పొగ ఎప్పుడు మొదలవుతుందని అడిగాడు. వేమూరు దాటాక వస్తుందని చెప్పాను.

అన్నట్టే వచ్చింది. మొదటి రన్‌పాస్టుకి ఫైర్‌మన్ బొగ్గు ఒక్కసారిగా గుమ్మరించి పొయ్యి తలుపు మూశాడు. ఆకాశం నల్లబడింది. విదేశీయులు చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. ప్రకాశరావు గారు మాత్రం మా వైపు చూడకుండా ముందుకే చూస్తూ వెళ్లిపోయారు.

మూడో రన్‌పాస్టు భట్టిప్రోలు స్టేషన్ దగ్గర. ప్రకాశరావు గారికి పని నేర్పిన మస్తాన్ గారు రిటైరై ఆ ఊళ్లోనే ఉంటున్నారు. శిష్యుడు స్పెషల్ నడుపుతున్నాడని తెలిసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, కర్ర పట్టుకుని ప్లాట్‌ఫారం చివర దాకా వచ్చి నిలబడ్డారు. ఆయన్ని నేను చూస్తూనే ఉన్నాను. ఆ నల్లపొగ మొత్తం ఆయన తలమీదుగా పోయింది.

బండి ఆగాక ఆయన మెల్లగా ఇంజన్ దగ్గరికి వచ్చారు. నేను రెండు గజాల దూరంలో ఉన్నాను.

"ఏంట్రా ప్రకాశం, ఫైర్‌మన్ కొత్తోడా?"

అవునంటే అక్కడితో అయిపోయేది. తప్పు ఫైర్‌మన్‌ మీదికి పోయేది. నన్ను చూపించినా అయిపోయేది.

"లేదండి గురువుగారూ, పాతోడే. నేనే వెయ్యమన్నాను."

వెయ్యమంది నేనండి అని ఒక్క మాట చెప్పాల్సింది. వాచీ చూసుకుంటూ నిలబడ్డాను. వచ్చినవాళ్ల ముందు ఈ గొడవెందుకని అప్పుడు సర్దిచెప్పుకున్నాను గాని, అది పచ్చి పిరికితనం. మస్తాన్ గారు ఇంకేం అడక్కుండా కర్ర పొడుచుకుంటూ వెళ్లిపోయారు. రేపల్లె చేరేదాకా, తిరిగి తెనాలి వచ్చేదాకా ప్రకాశరావు గారు నాతో పని మాటలే మాట్లాడారు.

మార్చిలో విదేశాల నుంచి పెద్ద ఫోటో వచ్చింది. వరికోత అయిన పొలాలు, వాటి మీద కొండంత పొగ, కింద ఇంజన్. ఫ్రేము కట్టించి బాపట్ల తీసుకెళ్లాను. ప్రకాశరావు గారు మర్యాదగా అందుకున్నారు.

"బాగా తీశారండి," అని భార్య చేతికిచ్చారు.

"ఎక్కడ పెడదామండీ?" అని ఆమె గోడల వంక చూశారు.

"లోపల పెట్టు."

కాఫీ అయ్యాక వీధి గుమ్మం దాకా నాతో వచ్చి, బాగా ఆలోచించుకున్న మనిషిలా అన్నారు. "సార్, ఆ రోజు వేమూరు దాకా నేను మామూలుగానే నడిపాను. ఆ ముక్కలో ఎవరన్నా ఒక ఫోటో తీసుంటే తెప్పిస్తారా? మా గురువుగారికి చూపిద్దామని. ఆ రోజు తర్వాత ఆయన దగ్గరికి పోలేకపోయాను."

ఆ రాత్రే పెద్దాయనకు ఉత్తరం రాశాను. నెలన్నరకు జవాబొచ్చింది. ముప్పై మందినీ అడిగాడట. పొగ లేనప్పుడు తాము ఎవరమూ కెమెరా పైకెత్తలేదని, క్షమించమని రాశాడు.

ఉత్తరం జేబులో పెట్టుకుని మళ్లీ బాపట్ల వెళ్లి చదివి వినిపించాను. ప్రకాశరావు గారు నన్నే ఓదార్చారు.

"పోనీలెండి సార్. కంట్లో బొగ్గు నలుసు పడితే డ్రైవర్ని తిడతారు గాని, పడలేదని ఎవరికి గుర్తుంటదండీ."

అక్కడ కూర్చోలేకపోయాను. ఆ ఆదివారమే భట్టిప్రోలు వెళ్లాను. మస్తాన్ గారు అరుగు మీద నులకమంచం బిగించుకుంటున్నారు. నేనెవరో చెప్పి, ఆ రోజు పొగ వెయ్యమని ఆర్డర్ ఇచ్చింది నేనేనని, ప్రకాశరావు గారు వద్దంటే వినలేదని చెప్పాను.

ఆయన చేతిలో పని ఆపలేదు.

"తెలుసు బాబూ. వాడు అట్టా చెయ్యడు. ఆ రోజు మీరు పక్కనే ఉన్నారుగా. చెబుతారేమోనని ఆగి చూశాను."

ఆ తర్వాత వేరే సెక్షన్లలో ఇంకో రెండు చార్టర్లు నడిపాను. రెండుసార్లూ కాగితం ముందు డ్రైవర్ దగ్గరికే తీసుకెళ్లాను, ఆయన వద్దన్నది కొట్టేసి ఆ తర్వాతే సంతకం పెట్టాను. నేర్చుకున్నదేంటని అడిగితే ఇదే చెబుతాను. పని వచ్చిన మనిషి చేత తప్పు చేయించడానికి నాకు ఒక్క సంతకం సరిపోయింది. ఆ తప్పు నాదని చెప్పడానికి ఐదు నెలలు పట్టింది.